ఆడరాని నాటకాల మీద బతికినవాళ్లం

ప్లేస్‌మెంట్ లేని కోర్సు

అమీర్‌పేటలో నడిచే మనిషి చేతిలో ఒక కంప్యూటర్ కోర్సు కరపత్రం పెట్టకుండా ఎవరూ వదలరు. మొన్న మెట్రో మెట్లు దిగుతుంటే ఒకాయన నాకూ ఒకటి ఇచ్చాడు. ఇచ్చాక నా తెల్లజుట్టు చూసి, "మీకు కాదు మేడం, మీ ఇంట్ల పిల్లలుంటరు గదా," అని సర్దుకున్నాడు. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. నేనూ పాఠాలు చెప్పి రిటైరైనదాన్నే అన్నాను.

"ఏం కోర్స్ మేడం?"

"భావకవిత్వం. ఆ కాలం నాటకాలు."

"ఎన్ని నెలలది?"

"నెలలు కాదు. కొందరికి ఏళ్లకేళ్లు పడతది."

"మరి ప్లేస్‌మెంట్ ఉంటదా?"

ఉండదన్నాను. ఆయన నా మొహంలోకి జాలిగా చూసి, చేతిలో ఉన్న కట్టలోంచి సగం తీసి నాకిచ్చాడు. "గట్లయితే మీ స్టూడెంట్లకు సుత ఇయ్యుండ్రి మేడం, పుణ్యముంటది," అన్నాడు.

మా వృత్తి గురించి ఇంత సూటిగా మాట్లాడిన మనిషిని నేను సెమినార్లలో చూడలేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. కరపత్రం తీసుకోకుండా మా దారిలోకే వస్తామనే మొండివాళ్లు ఏటా కొందరుంటారు. పంజాగుట్ట చౌరస్తాకు దగ్గర్లో ఉన్న ఒక పీజీ సెంటర్‌లో, తెలుగు శాఖలో, నేను పనిచేశాను. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఎవరు అడ్డుపడ్డారో చెప్పను. అవి చెప్పడం మొదలుపెడితే మా వాళ్లు ఆపలేరు, వినేవాళ్లు లేచిపోతారు.

వెన్నెల మీద పరిశోధన

ముందు మా సరుకేమిటో చెప్పాలి. మన తాతల కాలంలో కొందరు యువకవులు జుట్టు పెంచి, ఉత్తరీయం వేసుకుని, దొరకని ప్రేయసి కోసం కవిత్వం రాశారు. ఆ ప్రేయసి ఎప్పుడూ రాదు, వెన్నెల మాత్రం తప్పకుండా వస్తుంది. అదే భావకవిత్వం. ఎగతాళిగా చెబుతున్నాననుకోకండి, అందులో కొన్ని పద్యాలు ఇప్పటికీ నన్ను వదలవు. ఎగతాళంతా మా మీదే, వాటి మీద బతికినవాళ్ల మీద.

మా పద్ధతి చాలా సులువు. ఒక కవిని పట్టుకో. ఆ కవిత్వంలో వెన్నెల ఎక్కడెక్కడ ఉందో ఏరు. డాక్టరేట్ వస్తుంది. నీ తర్వాత వచ్చినవాడు అదే కవిలో చీకటిని ఏరుకుంటాడు. ఆ తర్వాతివాడికి కన్నీళ్లు మిగులుతాయి. కవి పూర్తిగా అయిపోతే పక్క కవి దగ్గరికి పోయి మళ్లీ వెన్నెల నుంచి మొదలుపెడతారు.

ఒక కుర్రాడు వెన్నెల మీద పేద్ద గ్రంథం రాశాడు. అమీర్‌పేటలో హాస్టల్ గది, కిటికీ తెరిస్తే చెయ్యంత దూరంలో పక్క హాస్టల్ గోడ. "నువ్వు చివరిసారి వెన్నెల ఎప్పుడు చూసినవ్ నాయనా?" అని అడిగాను. నిజాయితీగా, "కరెంటు పోయినప్పుడు మేడం," అన్నాడు. థీసిస్‌లో నాకు నచ్చిన వాక్యమేదీ లేదు గాని, ఈ ఒక్క జవాబుకు డాక్టరేట్ ఇవ్వవచ్చనిపించింది. ఇచ్చాం కూడా.

కొత్తగా వచ్చేవాళ్లు తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. ఈ వృత్తిలో కావ్యాన్ని చదివేవాళ్లు తక్కువ, కావ్యం గురించి ఎవరేమన్నారో చదివేవాళ్లు ఎక్కువ. నేను ఫలానా పద్యం బాగుందంటే ఎవరూ నమ్మరు. ఫలానా ఆచార్యులవారు బాగుందన్నారని రాస్తే, ఫుట్‌నోట్ చూసి తలాడిస్తారు.

మాస్టారి వాక్యం

నేను మాస్టారని పిలిచే ఆయన నాకు గైడు, తర్వాత మా శాఖకు పెద్ద. కోస్తా మనిషి. ఇస్త్రీ మడత నలగని తెల్ల పంచె, వాసన చూసి గాని తాగని కాఫీ. మంచివాడు. నేను రాసిన ప్రతి పేజీ చదివి, కామా ఎక్కడ పెట్టాలో చెప్పిన మనిషి ఆయనొక్కడే. కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నాలుగో కాలు చూపిస్తే, అది తోక అని నిరూపించేవారు.

భావకవుల నాటకాల మీద ఆయన రాసిన పుస్తకమే మాకు వేదం. అందులో ఒక వాక్యం ఉంది: "భావకవుల నాటకాలు పఠనీయాలే గాని ప్రదర్శనీయాలు కావు." అంటే ఇంట్లో కూర్చుని చదువుకోవడానికి బాగుంటాయి, స్టేజీ ఎక్కవు అని. ఏటా పరీక్షలో ఈ వాక్యమిచ్చి "చర్చించండి" అనేవాళ్లం. చర్చించడమంటే ఒప్పుకోవడమని పిల్లలకు తెలుసు.

ఆ వాక్యం ఎక్కడిదో నాకు తెలుసు. ఇంగ్లండ్‌లో ఇలాంటి ప్రేమకవులే ఒకప్పుడు పద్యాల్లో నాటకాలు రాశారు. అవి ఆడటానికి పనికిరావని అక్కడి విమర్శకులు తేల్చారు. మాస్టారు ఆ మాటను జాగ్రత్తగా తెచ్చి, అక్కడి కవి కుర్చీలో ఇక్కడి కవిని కూర్చోబెట్టారు. కవి మారాడు గాని కుర్చీ అదే. అక్కడి ఊళ్లలో హార్మోనియం ఉందా, పెట్రోమాక్స్ వెలుతురులో తెల్లవార్లూ పద్యాలు వినే జనం ఉన్నారా అని ఎవరూ అడగలేదు.

మన పద్యనాటకం చూడని పిల్లల కోసం చెబుతున్నాను. నటుడు పద్యం ఎత్తుకుని, చివరి అక్షరం పట్టుకుని రాగం తీస్తాడు. నచ్చితే జనం "వన్స్ మోర్" అని అరుస్తారు. అరిచారంటే మళ్లీ పాడాల్సిందే. కథలో ఆ పాత్ర చచ్చిపోయినా సరే, లేచి, దుమ్ము దులుపుకుని, ఇంకోసారి పాడి, ఇంకోసారి చస్తుంది. ఇలాంటి జనానికి పద్యాలు ఎక్కువై నాటకం ఆడలేదంటే ఎవరు నమ్మాలి? మేం నమ్మాం. ఆ నాటకాలు చూస్తూ పెరిగినవాళ్లే పుస్తకం చదివి నమ్మారు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే.

లావణ్య

లావణ్య ఒక నేతపని ఊరి పిల్ల. వాళ్ల అన్న శీను యూసుఫ్‌గూడలో టైలర్. అన్నా చెల్లెలు దుకాణం వెనక ఒక కిరాయి గదిలో ఉండేవాళ్లు. పొద్దున అమీర్‌పేటలో సర్కారు కొలువుల కోచింగ్ సెంటర్‌లో తెలుగు చెప్పి, మధ్యాహ్నం మా దగ్గరికి పరిశోధనకు వచ్చేది. కోచింగ్‌లో మాస్టారి వాక్యం ఒక బిట్టు ప్రశ్న. పొద్దున ఆ వాక్యానికి పిల్లలతో టిక్కు పెట్టించి, మధ్యాహ్నం అదే వాక్యం తప్పని థీసిస్ రాసేది.

"ఒక్క నోటితో రెండు మాటలేంది లావణ్యా?" అన్నాను.

"ఆడ మార్కులు మేడం, ఈడ నిజం," అంది.

ఆ నిజం ఆమెకు ఇంట్లోనే దొరికింది. 'వియోగ పౌర్ణమి' అని ఒక భావకవి రాసిన నాటకం ఉంది. మా పుస్తకాల లెక్కలో అది స్టేజీ మొహం చూడలేదు. లావణ్య తాత అందులో నాయిక వేషం వేసేవాడట. "మా తాత మగ్గం మీద కూసోని గీ పద్యాలే పాడుకునేటోడు మేడం. నాకు చిన్నప్పటి సంది నోటికొచ్చు. పీజీల చేరినంక తెలిసింది, గది ఆడని నాటకమని!" అని నవ్వింది. తర్వాత నవ్వడం ఆపి నేత ఊళ్లన్నీ తిరిగింది. ముసలి నటులను వెతికి పట్టుకుంది. వాళ్లు చెప్పిందీ పాడిందీ రికార్డు చేసుకొచ్చింది. మా శాఖలో గడప దాటి పరిశోధన చేసినవాళ్లు అరుదు. మాకు గడప దాటడమంటే లైబ్రరీలో పక్క బీరువాకు పోవడం.

థీసిస్ బాగా వచ్చింది. ఇబ్బంది మాస్టారితోనే. ఆయన రిటైరై చాన్నాళ్లయినా ఆ విషయం మీద నిపుణుడంటే ఆయనే గనక, వైవాకు, అంటే థీసిస్ మీద జరిగే నోటి పరీక్షకు, ఎక్స్‌టర్నల్‌గా ఆయన్నే వేశారు. ఎవరి మాట తప్పని పిల్ల రాసిందో ఆయనే తీర్పరి. ఆయన తిరగరాయమంటే లావణ్య లెక్చరర్ ఇంటర్వ్యూ చేజారుతుంది. డిగ్రీ చేతిలో ఉంటేనే ఆ ఇంటర్వ్యూ. మళ్లీ నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగితే వయసు దాటిపోతుంది. అప్పుడు ఇక జీవితమంతా కోచింగ్‌లో ఆ బిట్టుకు టిక్కు పెట్టిస్తూ కూర్చోవాలి.

"ఆ ఒక్క అధ్యాయం జర మెత్తగ రాయరాదు?" అన్నాను. గైడుగా ఈ సలహా ఇవ్వడం నా ధర్మం. లోకజ్ఞానం కూడా అదే.

"మెత్తగ రాస్తే మా తాత ఆడిన నాటకం ఆడనట్టయితది గద మేడం," అంది.

నాకు కోపమొచ్చింది. ఆమె మీద కాదు, ఆమె సరిగ్గా చెప్పినందుకు.

వైవా

వైవా ఎలా జరుగుతుందో ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. ఎక్స్‌టర్నల్‌కు ముందు కడుపునిండా టిఫిన్ పెట్టాలి. ఆకలి మీద ఉన్న ఆచార్యుడికి ఫుట్‌నోట్లలో తప్పులు కనిపిస్తాయి. హాల్లో కూర్చునే నలుగురికి ముందే నాలుగు తేలిక ప్రశ్నలు పంచాలి. వాళ్లు అప్పుడే తట్టినట్టు తల గోక్కుంటూ అడుగుతారు. శాలువా ముందే కొని బీరువాలో పెట్టాలి. చివర్లో ఎక్స్‌టర్నల్ "ఈ గ్రంథం అచ్చు కావాలి" అంటారు, అందరూ చప్పట్లు కొట్టి భోజనానికి లేస్తారు. ఆ గ్రంథం అచ్చు కాదు. భోజనం మాత్రం బాగుంటుంది.

ఆ రోజు ఇడ్లీ, వడ, ఉప్మా, మాస్టారికి నచ్చిన ఫిల్టర్ కాఫీ అన్నీ పెట్టించాను. ఆయన అన్నీ తిని, మూతి తుడుచుకుని, థీసిస్‌లో ఆ అధ్యాయం దగ్గర పెట్టుకున్న చీటీ తీశారు. కాఫీ పనిచెయ్యలేదని అర్థమైంది. పంచిన తేలిక ప్రశ్నలు తీసుకున్నవాళ్ల జేబుల్లోనే ఉండిపోయాయి.

శీను చివరి వరసలో కూర్చున్నాడు. చెల్లెలి వైవా కోసం కొత్త చొక్కా కుట్టుకుని వచ్చాడు.

"ఏంటమ్మా ఇది?" అన్నారు మాస్టారు. "నాటకం ఆడారనడానికి ఆధారం ఏంటి? మీ తాతగారు చెప్పారనా?"

"తాత ఒక్కడే కాదు సార్. ఆడినోళ్లు ఇంకా ఉన్నరు. వాళ్ల మాటలు రికార్డు చేసిన."

"మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుందమ్మా. పరిశోధన అంటే తాతల కబుర్లు కాదు."

హాల్లో కొందరు నవ్వారు. నవ్వినవాళ్లలో ఇద్దరు నా దగ్గర డాక్టరేట్ చేసినవాళ్లే. నాకు ఒళ్లు మండింది.

"సార్, అభ్యర్థి వాదాన్ని పూర్తిగా వినవలసిందిగా నా మనవి," అన్నాను. మాస్టారి ముందు నోరు తెరిస్తే నాకు అచ్చుపుస్తకం తెలుగే వస్తుంది, ఏం చెయ్యను!

"వింటానమ్మా, వింటాను. మూడో అంకం తీసుకుందాం. నాయిక చనిపోతోంది. చనిపోతూ వరసగా పద్యాలు చదువుతుంది. స్టేజీ మీద ఇది సాధ్యమా? ఏ ప్రేక్షకుడు కూర్చుంటాడు? ఈ ఒక్క ఘట్టం చాలు, ఇది చదువుకునే నాటకమేనని చెప్పడానికి. ఈ అధ్యాయం తిరగరాయాలి."

తిరగరాయాలి అన్న మాట పడనే పడింది. లావణ్య నా వైపు చూడలేదు. నీళ్ల గ్లాసు తీసి, తాగకుండా మళ్లీ పెట్టింది.

"ఆ పద్యం ఎట్ల పాడతరో ఒక్కసారి వినిపియ్యొచ్చా సార్?"

"చదవమ్మా."

"చదువుడు కాదు సార్. పాడుడు."

మాస్టారు చెయ్యి ఊపారు, కానివ్వు అన్నట్టు. ఆమె కుర్చీలోంచి లేవలేదు. కళ్లు మూసుకోలేదు. నాయిక వెన్నెలను పిలిచి, నా ప్రాణం పోయాక కూడా ఆయన వచ్చే దారి మీదే నువ్వుండు అని వేడుకునే పద్యం ఎత్తుకుంది. మొదటి పాదం బెదురుగానే మొదలైంది. రెండో పాదానికి గొంతు నిలబడింది. బయట మెట్రో పోతోంది, కింద బస్సు హారన్లు. చివరి పాదంలో చివరి అక్షరం పట్టుకుని రాగం తీసింది, అది పైకి పోయి, అక్కడ ఆగి, ఊపిరి తెగినట్టు తెగింది. నేను ఆ పద్యాన్ని ఏళ్ల తరబడి క్లాసులో చెప్పాను. సంధులు విడదీశాను, అలంకారం చెప్పాను. అందులో ఒక మనిషి చచ్చిపోతోందని ఆ రోజే తెలిసింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"వన్స్ మోర్!"

పెద్ద గొంతు. అందరం శీను వైపు తిరిగాం. శీను బిత్తరపోయి, నేను కాదన్నట్టు చేతులూపాడు.

అన్నది మాస్టారు. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. అరచెయ్యి బల్ల మీద ఇంకా తాళం వేస్తూనే ఉంది. హాలంతా చడీచప్పుడూ లేకపోయేసరికి కళ్లు తెరిచారు. తానేమన్నారో అప్పుడు తెలిసినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి.

లావణ్య ఏం చెయ్యాలో తోచక నా వైపు చూసింది.

"అడిగిండ్రు గదా లావణ్యా," అన్నాను. "అడిగినంక పాడకుంటే ఎట్ల?"

మళ్లీ పాడింది. ఈసారి ఏ పాదంలోనూ బెదురు లేదు. నాయిక రెండోసారి చచ్చిపోయింది. మాస్టారు చీటీని మడిచి జేబులో పెట్టుకుని, "డిగ్రీకి సిఫారసు చేస్తున్నాను," అని, ఆ మాట ఎవరూ వినలేదేమోనని ఇంకోసారి అన్నారు. శీను ఒక్కడే ముందుగా చప్పట్లు కొట్టాడు. తర్వాత నవ్వినవాళ్లు కూడా కొట్టారు.

భోజనాల దగ్గర శీను నా పక్కకొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "మేడం, పెద్ద సార్ ఏమో డిగ్రీకి సిఫారసు అన్నడు. నాకు సమజ్ కాలే. మా చెల్లె పాసయినట్టేనా?"

"పాసయింది శీనన్నా."

"నేను గప్పుడే అనుకున్న. మా ఊర్ల వన్స్ మోర్ అన్నంక ఇంక ఫికర్ ఉండదు."

కారు దాకా

మాస్టారిని కారు దాకా దింపడానికి వెళ్లాను. శాలువా భుజం మీద ఉంది. కింద గేటు దగ్గర ఆగి, నా మొహం చూడకుండా అన్నారు.

"ఆ నాటకం నేను చూశానమ్మా."

నేను సరిగ్గా విన్నానా అనుకున్నాను.

"మా ఊళ్లో. మా అమ్మ ఒళ్లో కూర్చుని. ఆ పద్యానికి మా నాన్న లేచి నిలబడి వన్స్ మోర్ అన్నాడు. ఆయన అంతలా అరవడం నేను మళ్లీ చూడలేదు."

"మరి పుస్తకంలో అలా ఎందుకు రాశారు సార్?"

ఆయన శాలువా అంచు సవరించుకున్నారు.

"నేను చూశానని రాస్తే అది జ్ఞాపకం అనేవాళ్లమ్మా. ఇంగ్లిషు పుస్తకంలో ఉందని రాస్తే పాండిత్యం అన్నారు. నాకప్పుడు ఉద్యోగం కావాలి."

కారు పంజాగుట్ట ఫ్లైఓవర్ వైపు పోయింది. ఇన్నేళ్లు ఆయనతో వాదించడానికి దాచుకున్న మాటలన్నీ నా దగ్గరే ఉండిపోయాయి. కోపం రాలేదు, జాలి వేసింది. అమ్మ ఒళ్లో కూర్చున్న ఆ చిన్న పిల్లాడి మీద ఎక్కువ వేసింది. వాడు చూసినదాన్ని వాడి చేతే లేదనిపించారు.

మార్పులు అవసరపడని ముద్రణ

ఇక్కడితో ఆపితే మాస్టారు మారిపోయారని మీరనుకుంటారు. మా వృత్తి మీకు ఇంకా తెలియలేదన్నమాట. మరుసటి ఏడు ఆయన పుస్తకం కొత్త ముద్రణ వచ్చింది. ఆత్రంగా తెరిచాను. ముందుమాటలో, ఈ ముద్రణలో మార్పులేవీ అవసరపడలేదని రాసుకున్నారు. ఆ వాక్యం అదే పేజీలో, అలాగే, కామాతో సహా ఉంది. కోచింగ్ సెంటర్లలో బిట్టు ప్రశ్న కూడా అలాగే ఉంది.

లావణ్యకు ఉద్యోగం వచ్చింది. సిలబస్‌లో ఆ పుస్తకమే గనక ఆ వాక్యాన్ని ఆమే పాఠం చెప్పాలి. ఒకరోజు వాళ్ల కాలేజీకి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. ఒక అమ్మాయి చేత గట్టిగా చదివించింది: పఠనీయాలే గాని ప్రదర్శనీయాలు కావు. పిల్లలంతా రాసుకున్నారు. "పరీక్షల గిదే రాయుండ్రి, మార్కులు పోగొట్టుకోకుండ్రి," అంది. తర్వాత పుస్తకం మూసి, మూడో అంకంలో పద్యం ఎత్తుకుంది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు చెప్పడానికి నా దగ్గర ఇంతకంటే ఏమీ లేదు. మీరు చూసింది చూశామని రాయండి. అందుకు ఉద్యోగం రాకపోతే అమీర్‌పేటలో కరపత్రాలు ఎటూ ఇస్తారు.

పద్యం అయిపోయేసరికి పిల్లలు పెన్నులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. అందులో ఒక్కరు కూడా పద్యనాటకం చూసినవాళ్లు కాదు, ఏమనాలో వాళ్లకు తెలియదు. వెనక బెంచీ నుంచి నేనే అరిచాను.